పోను రాను విమానం

ఢిల్లీ నుంచి వచ్చిన ఒక పెద్ద అధికారిని మా ఎమ్మిగనూరు వీధి మొదట్లో, తడి నూలు ముందు, అరగంటసేపు నిలబెట్టిన ఘనత నాది. దండ లేదు, మేళం లేదు, కూర్చోడానికి కుర్చీ లేదు. ఎదురువెళ్లి ఆహ్వానించిన మనిషికి ముఖం ఒక పక్క సబ్బు నురుగు, రెండో పక్క నున్నటి చర్మం. ఆ ముఖమూ నాదే. ఇంత ఘనకార్యాన్ని నేను ఒకే ఒక గుణకారంతో, ఒకే ఒక భాగహారంతో సాధించాను. ఎలాగో చెబుతాను, మీరు మాత్రం చివరిదాకా నవ్వాపుకోవాలి.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. మా నేతపని వీధిలో ఎస్సెల్సీ గట్టెక్కిన మొదటివాణ్ణి. ఆదోనిలో ఒక పత్తి మిల్లులో గుమాస్తా ఉద్యోగం. ఎడమచేతికి గడియారం. శనివారం సాయంత్రం బస్సు దిగి వీధిలోకి వస్తుంటే ఎవరైనా టైము అడుగుతారేమోనని మెల్లగా నడిచేవాణ్ణి. ఎవరూ అడక్కపోతే నేనే చెప్పేవాణ్ణి. మా వీధిలో లెక్క అంటే ఈరన్న, ఈరన్న అంటే లెక్క. ఈ మాట ఎవరన్నారని అడక్కండి, నేనే అన్నాను.

మా పెదనాయన తిమ్మప్ప వీధికి పెద్ద. ఆయన మగ్గం మీద నేసిన బట్టలో వంక పెట్టడానికి మనిషి పుట్టలేదు. వంకంతా రంగుతోనే. రంగు వేసిన నూలు మాకు ఎక్కడెక్కడి నుంచో వచ్చేది. పసుపు నిలిచేది, నలుపు నిలిచేది. ఎరుపు మాత్రం మొదటి తడికే పక్కనున్న తెలుపు మీదికి కారిపోయేది. ఒకసారి కౌతాళం నుంచి ఒకావిడ వచ్చింది. పెళ్లికని కొనుక్కుపోయిన ఎర్రంచు తెల్లచీరను మా గుమ్మంలో పరిచి, "ఏనప్పా ఇదు? బిళి సీరె తగొండ్రె గులాబి ఆయ్తల్ల!" అంది. తెల్లచీర కొంటే గులాబీ చీర అయిందని ఆమె గోడు. పెదనాయన కొత్త చీర ఇచ్చి పంపాడు. ఆ గులాబీ చీరను మాత్రం పెట్టె అడుగున దాచాడు. ఆ రోజు ఆయన అన్నం తినలేదు.

అప్పటి నుంచి ఆయనకు ఒకటే కోరిక. మా వీధిలోనే మా నూలుకు మేమే గట్టి రంగు వేసుకునే షెడ్డు ఒకటి కావాలి. ఎన్ని అర్జీలు పెట్టించాడో, ఎన్ని ఆఫీసుల మెట్లెక్కాడో! చివరికి ఒక రోజు తంతి వచ్చింది. చేనేత సంగతులు చూసే పెద్ద అధికారి స్వయంగా వచ్చి చూస్తాడట. ఆయన సరేనంటే షెడ్డు వస్తుంది, వద్దంటే ఇక రాదు.

తంతిలో ఉన్నది ఇంతే: వచ్చే సోమవారం ఉదయం ఏడు గంటలకు కడపలో విమానం ఎక్కుతాడు, బళ్లారిలో దిగుతాడు, అక్కడి నుంచి ఆదోని మీదుగా కారులో వస్తాడు. మా దగ్గరికి ఎన్నింటికి వస్తాడో లేదు.

"ఒరే ఈరన్నా, కడప కాణ్ణించి బళ్లారికి ఇమానం ఎంతసేపట్లో వస్తాది?" అన్నాడు పెదనాయన.

అయ్యలారా, ఆ ప్రశ్న కోసమే నేను పుట్టానని నాకు ఆ క్షణాన అనిపించింది. కడపలో విమానం దిగే చోటు ఒకటి, బళ్లారిలో ఒకటి ఉన్నాయని వినడమేగాని మాలో చూసినవాళ్లు లేరు. రెండు చోట్లా విమానాలకంటే మేకలే ఎక్కువ తిరుగుతాయని చెప్పుకునేవారు. అయినా తడుముకోకుండా, "లెక్కేసి చెప్తా పెదనాయనా, నిమిషంతో సహా," అన్నాను.

మర్నాడు ఆదోనిలో నేను చదివిన బడికి వెళ్లాను. అక్కడ గోడకు ఒక పెద్ద పటం వేలాడేది. అంగుళానికి పదహారు మైళ్లని దాని కింద రాసి ఉంది. మా పాత అయ్యవారిని బతిమాలుకుని, కడప మీద ఒక గుండుసూది, బళ్లారి మీద ఒక గుండుసూది గుచ్చాను. జేబులోంచి నూలు తీశాను. నేతగాడి కొడుకు జేబులో నూలు కాక ఇంకేముంటుంది?

ఇక్కడ మా పని తెలియనివారికి ఒక ముక్క చెప్పాలి. మేం బట్టకు నిలువు పోగులు, అంటే పడుగు, పోసేటప్పుడు ఈ కొసన ఒక మేకు, ఆ కొసన ఒక మేకు ఉంటుంది. పోగు ఈ మేకు నుంచి ఆ మేకుకు పోతుంది, దాన్ని చుట్టుకుని మళ్లీ ఈ మేకుకు వస్తుంది. అప్పుడు మాకు ఒక చుట్టు. నాలుగేళ్ల వయసు నుంచి మా అమ్మ పక్కన నిలబడి ఆ పని చేసిన చెయ్యి నాది. ఆ చేతికి రెండు సూదులు కనిపించాయి. కడప దగ్గర మొదలుపెట్టింది, బళ్లారిని చుట్టింది, మళ్లీ కడపకు వచ్చి పుటుక్కున తెంపింది. బుర్ర ఆ సమయంలో ఢిల్లీ ఆయనతో ఇంగ్లీషులో ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తోంది.

తెంపిన నూలును స్కేలు మీద పరిచాను. పదిహేడంగుళాలకు ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తక్కువ. పదహారుతో హెచ్చవేస్తే రెండు వందల డెబ్బై మైళ్లు. అలాంటి చిన్న విమానం గంటకు నూట ముప్పై అయిదు మైళ్లు పోతుందని బడిలోని చదువుకునే గదిలో ఒక పాత పత్రిక చెప్పింది. భాగిస్తే సరిగ్గా రెండు గంటలు. శేషం సున్నా! శేషం లేకుండా తెగిన లెక్క తప్పని ఎవడైనా అనుకుంటాడా? మీరైనా అనుకుంటారా?

అనుకున్న మనిషి ఒకడున్నాడు. ఆదోని, ఎమ్మిగనూరు మధ్య బస్సు నడిపే ఖాసీం సాబు. శనివారం బస్సులో ఆయన వెనక సీటులో కూర్చుని నా లెక్క గట్టిగా అందరికీ వినిపించాను.

ఖాసీం సాబు వెనక్కి తిరక్కుండానే, "రెండొందల డెబ్బై మైళ్లా? అరె భాయ్, నేను లారీ తోలేటప్పుడు బళ్లారి నుంచి కడపకు ఎన్నోసార్లు పోయినా. వంకర రోడ్డు మీద తిరిగి తిరిగి పోయినా నూటరవై మైళ్లు దాటదు. గాల్లో తిన్నగా పోయే దానికి అంత దూరం యాడనుంచి వస్తాది?" అన్నాడు.

బస్సంతా నా వైపు తిరిగింది. ఎస్సెల్సీ చదివినవాణ్ణి, బస్సు డ్రైవరు ముందు ఓడిపోతానా?

"సాబూ, నీ లారీ నేల మీదనే పోతాది. విమానం పైకెక్కల్ల, మళ్ల కిందికి దిగల్ల. ఆ ఎత్తంతా ఎవరు కలుపుతారు?"

"ఎత్తే నూట పది మైళ్లా?"

"ఆకాశమంటే ఏమనుకున్నావు?"

ఖాసీం సాబు గేరు మార్చి, "సరేలేప్పా, సదువుకున్నోడివి," అన్నాడు. బస్సులోని వాళ్లు తలలూపారు. ఆ తలలూపుడును నేను ఎమ్మిగనూరు దాకా ఒళ్లో పెట్టుకుని వచ్చాను.

బస్సు దిగగానే ప్రకటన చేశాను. ఏడుకు ఎక్కితే తొమ్మిదికి బళ్లారి. అక్కడి నుంచి కారులో రెండున్నర గంటలు. పదకొండున్నరకు మా వీధి. పెదనాయన దాన్నిబట్టి ఏర్పాట్లన్నీ చేశాడు. పదకొండుకు కుర్చీలు, పదకొండుంపావుకు మేళం, ఆ వెంటనే ఆడవాళ్ల హారతి. మా ఇంట్లో అరుగు మీద చూపించడానికి మంచి మంచి బట్టలన్నీ మడతలు విప్పి పెట్టాం. ఎర్రంచువి ఒక్కటీ లేకుండా ఏరి పెట్టాం. రంగు కారిన గుడ్డను పెద్దమనిషికి చూపిస్తే పరువు పోతుందని పెదనాయన అభిప్రాయం. రంగు కారకపోతే ఇక షెడ్డెందుకని ఆయనకు తట్టలేదు. లెక్కలవాణ్ణి నాకూ తట్టలేదు.

సోమవారం తెల్లవారింది. చిన్న తుంపర. తొమ్మిదింటికి ఆగి, చల్లని గాలి మొదలైంది. మా పెద్దమ్మ గోవిందమ్మ గంజి కుండ పట్టుకుని బయటికి వచ్చింది.

"ఏమయ్యా, నిన్న కాచిన గంజి. ఈ పొద్దు పడుగుకు పెట్టకుంటే పులిసిపోతాది. ఆ ఎర్రంచు పడుగు రెండు దినాలుగా అట్లే ఉండాది," అంది.

పడుగుకు గంజి పెట్టాలంటే వీధి పొడవునా దాన్ని కర్రల మీద లాగి కట్టాలి. కుంచెలతో గంజి రుద్దాలి, ఆరేదాకా కదపకూడదు. కట్టామంటే వీధిలో మనిషి పక్కగా నడవాల్సిందే, బండి దూరదు. పెదనాయన నా వైపు చూశాడు.

"ఈరన్నా, తొమ్మిదిన్నరకు మొదలుపెడితే పదకొండుకు ఎత్తేస్తాం. ఆయప్ప అంతలోపల రాడు గదా?"

నేను మంగలి ఓబులేసు దగ్గరికి పోవడానికి తువ్వాలు భుజాన వేసుకుంటున్నాను. గడియారం చూసుకుని, "పెదనాయనా, పదకొండున్నర ముందర ఆయప్ప కాదు, ఆయప్ప నీడ గూడ ఈ వీధిలో పడదు. పరుసుకో," అన్నాను.

ఓబులేసు కుడివైపు గీకడం అయిపోయింది. ఎడమవైపు నురుగు పూస్తున్నాడు. అప్పుడు వినిపించింది హారను. మా ఊళ్లో బస్సు హారను తెలుసు, మిల్లు లారీ హారను తెలుసు. ఇది ఆ రెండూ కాదు. గడియారం చూశాను. పదిన్నర.

పరుగెత్తాను. వీధి మొదట్లో నల్లకారు నిలబడి ఉంది. దాని ముందు మా పడుగు, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా, తళతళా తడిగా. పెదనాయన చొక్కా లేకుండా, మోకాళ్ల పైకి పంచె ఎగ్గట్టి, చేతిలో కుంచెతో, కారుకు వీపు పెట్టి పని చేసుకుంటున్నాడు.

"ఎవరప్పా అది, పాంపాం అంటాండేది? పడుగు ఆరతాండాది, కనపల్లేదా?" అన్నాడు తిరక్కుండానే.

కారు డ్రైవరు కిందికి దిగి, "ముందు ఆ దారాలు తియ్యవయ్యా! ఢిల్లీ నుంచి అయ్యగారు వచ్చారు," అని కేకేశాడు.

పెదనాయన నవ్వాడు. "ఎవురితో సెప్తాండావప్పా? ఢిల్లీ ఆయప్ప పదకొండున్నరకు గదా వచ్చేది! మా ఈరన్న లెక్కేసినాడు."

ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు నవ్వు రాదు. కళ్ల ముందు కారు నిలబడి ఉంది. అయినా ఆయన కారును నమ్మలేదు, నన్ను నమ్మాడు.

అప్పుడు నేను చేరుకున్నాను, సగం ముఖాన నురుగుతో. కారులోంచి తెల్లటి బట్టల్లో ఒక పొడుగాటి మనిషి దిగాడు. వారం రోజులుగా బట్టీపట్టిన ఇంగ్లీషంతా ఎటో పోయింది. "వచ్చేసినారా సార్?" అన్నాను.

"వచ్చేశానండీ. రాకూడదా?" అన్నాడాయన. తెలుగువాడే! మద్రాసులో పెరిగాడట.

పెదనాయన వెనక్కి తిరిగాడు. ముందు ఆయన్ను చూశాడు, తరువాత నన్ను చూశాడు. ఆ చూపు వర్ణించే శక్తి నాకు లేదు. డ్రైవరు మళ్లీ, "ఇంకా చూస్తారేంటి, తీసేయండి!" అన్నాడు. ఇరుగు పొరుగు వాళ్లు ఇద్దరు పడుగు ఎత్తడానికి వంగారు.

"ముట్టగాకండి!" అని అరిచాడు పెదనాయన. అధికారి వైపు చేతులు జోడించి, "సార్, తప్పు మాదే. అయితే ఇది తడి పడుగు. ఇప్పుడు కదిలిస్తే పోగూ పోగూ అంటుకుంటాది, రెండు చీరల కష్టం మట్టిలో కలుస్తాది. ఆరేదానికి ఇంగా అరగంట పడతాది. తమరు ఏమనుకున్నా సరే, నేను ఎత్తను," అన్నాడు.

షెడ్డు అక్కడితో పోయిందనుకున్నాను. ఇంత పెద్ద మనిషితో అలా మాట్లాడితే ఎవరు ఊరుకుంటారు?

ఆయన ఊరుకోవడమే కాదు, బూట్లు విప్పి కారు పక్కన పెట్టాడు. పడుగు వెంబడి పక్కపక్కగా నడిచి వచ్చాడు. మా వీధిలో ఎన్నడూ ఎవరూ అలా వంగి పోగు పోగూ చూస్తూ నడవలేదు. ఒకచోట పోగు తెగింది. పెదనాయన రెండు కొసలనూ వేళ్ల మధ్య గంజితో ఒక్క మెలిక తిప్పి కలిపాడు, ముడి లేకుండా. అధికారి కళ్లు పెద్దవయ్యాయి.

"ఏదీ, నన్ను చేయనివ్వండి."

ఇంకో పోగు తెగితే ఆయన ప్రయత్నించాడు. మొదటిసారి జారింది. రెండోసారి అతుక్కుంది గానీ లాగితే ఊడింది. మూడోసారి ఆయన వేలికే చుట్టుకుంది. మా పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎన్నేళ్లు పడుతుంది ఇది నేర్చుకోవడానికి?" అన్నాడాయన.

"మాకు తెల్దు సార్. నేర్చుకున్నట్ల గుర్తు ల్యాదు," అన్నాడు పెదనాయన.

వీధంతా ఆ మాటకు ఒక్క అంగుళం పొడుగైంది. నేను కూడా, నురుగుతో సహా.

అప్పుడు అధికారి చెయ్యి తుడుచుకోవడానికి జేబురుమాలు తీశాడు. తెల్లటి రుమాలు. తుడుచుకుని చూస్తే రుమాలంతా ఎరుపు. అరచెయ్యి ఎరుపు. పడుగులో ఎర్రంచు పక్కన నాలుగు వేళ్ల మేర తెల్ల పోగులన్నీ లేత గులాబీ రంగులోకి తిరుగుతున్నాయి. ఎండలో అందరికీ కనబడుతోంది. మేం దాచిపెట్టిందల్లా నడివీధిలో, ఆయన చేతిలోనే ఉంది.

పెదనాయన తల వంచుకున్నాడు. పెద్దమ్మ మాత్రం గబగబా లోపలికి పోయి, పెట్టె అడుగునున్న గులాబీ చీర తెచ్చి అధికారి ముందు పరిచింది.

"ఏమే, అది ఏంటికి తెచ్చినావు?" అన్నాడు పెదనాయన.

"ఇంగ దాపెట్టేదేముందయ్యా, ఆయప్ప సెయ్యే సెప్పతాంది గదా! సార్, మా నేత సూడండి. సూసినారు గదా. ఇది మా రంగు గాదు, బయటి రంగు. మా సేతికి రంగు గూడ ఇస్తే ఈ మచ్చ మాకుండదు," అంది.

ఆయన ఆ చీరను, తన చేతిని మార్చి మార్చి చూశాడు. "మీరు అనుకున్న వేళకు నేను వచ్చి ఉంటే నాకు అరుగు మీది బట్టలు చూపించేవారు కదూ? బాగున్నాయి, ఇక్కడ ఏ లోటూ లేదని రాసుకుని వెళ్లిపోయేవాణ్ణి," అన్నాడు. రుమాలును జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇది నా కాగితాలకు జత చేస్తాను."

పెదనాయన కళ్లు తుడుచుకున్నాడు, గంజి చేత్తోనే. కనుబొమలు బిర్రుగా నిలబడ్డాయి.

ఇంతలో పడుగు ఆరింది. కుర్చీలు వచ్చాయి, మేళం వచ్చింది, ఓబులేసు వచ్చి నా ఎడమవైపు కూడా గీకాడు. కాఫీ తాగుతూ అధికారి, "అంతా బాగుంది గానీ, విమానం గంటలో వచ్చింది, మీరేమో రెండు గంటలనుకున్నారు. ఎవరిదండీ ఆ లెక్క?" అన్నాడు.

వీధి వీధంతా చేతులెత్తి నన్ను చూపించింది. ఒక్కరు కూడా తటపటాయించలేదు.

నేను లేచి, ఎలా కొలిచానో చేసి చూపించాను. రెండు కాఫీ గ్లాసులు దూరంగా పెట్టి, ఇది కడప, ఇది బళ్లారి అన్నాను. జేబులోంచి నూలు తీశాను. కడప నుంచి పోయాను, బళ్లారిని చుట్టాను, కడపకు వచ్చాను... అక్కడ చెయ్యి ఆగిపోయింది. అప్పుడు వెలిగింది. నూలు అలాగే పట్టుకుని నిలబడ్డాను.

అధికారి పొట్ట పట్టుకుని నవ్వాడు. "బాబూ, నన్ను బళ్లారి తెచ్చి, మళ్లీ కడపలో దింపావయ్యా!"

మేళం వాళ్లు నవ్వారు. ఓబులేసు నవ్వాడు. తలుపు వెనకనుంచి పెద్దమ్మ నవ్వింది. నేను పెదనాయన వైపు చూడలేకపోయాను. ఆయన మెల్లగా లేచాడు. తిడతాడనుకున్నాను. వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, అధికారి ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

"నగేదేముంది సార్? మావోడి లెక్క తప్పు కాదు. పోయిన మనిషి ఇంటికి తిరిగి రావద్దా? పోనుకూ రానుకూ కలిపి కొలిచినాడు. మగ్గం ఇంట్లో పుట్టినోడు గదా, పోగును ఆడ వదిలిపెట్టి రాడు!"

నవ్వంతా ఆగిపోయింది. అధికారి లేచి నాకు చెయ్యి కలిపాడు, ఆ ఎర్రచేత్తోనే. నా చెయ్యి కూడా ఎర్రబడింది. రెండు రోజులు కడుక్కోలేదు.

షెడ్డు వచ్చింది. మొదట అద్దిన ఎర్రనూలుతో పెదనాయన ఎర్రంచు తెల్లచీర నేశాడు. మూడు రోజులు నీళ్లలో నానబెట్టి, తెలుపు తెలుపుగానే ఉందని చూసుకుని, తనే కౌతాళం పోయి ఆవిడకు ఇచ్చి వచ్చాడు. నాకు మాత్రం ఊళ్లో కొత్త పేరు స్థిరపడింది: పోను రాను ఈరన్న. బస్సెక్కితే చాలు, ఖాసీం సాబు స్టీరింగు వదిలి వెనక్కి తిరిగి, "ఏమప్పా, ఆకాశం ఎత్తు కొలిచినావా?" అనేవాడు. ఆ పేరు మీద నాకు కోపం లేదు. అది పెదనాయన పెట్టిన పేరు, ఛాతీ విరుచుకుని పెట్టిన పేరు.

అయినా తప్పు తప్పే గనుక, చదివిన మీ అందరి ఎదుట, ఎడమచేతి గడియారం మీద కుడిచెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేల మీద గానీ నింగిలో గానీ ఏ రెండు ఊళ్ల మధ్య దూరాన్నీ నూలుతో కొలవను. కొలవక తప్పని గతి పడితే పోనుకు మాత్రమే కొలుస్తాను. రాను సంగతి ఆ పోయినవాళ్లే చూసుకోవాలి.